గీయని గది

ఉత్తరంలో పదకొండు షరతులున్నాయి. పదింటితో పేచీ లేదు. బల్ల ఇంత ఎత్తుండాలి, కుర్చీకి వీపుండాలి, తలుపుకి లోపలి గడియ ఉండాలి, గుమ్మం బయట మూడడుగుల మేర సామానేదీ అడ్డం ఉండకూడదు. ఇలాంటివన్నీ ఒక పూట నడుం వంచితే తేలిపోయేవే. పదకొండోదే ఆమె గొంతుకి అడ్డం పడింది.

'పనివేళల్లో ఆ గదిలో ఉద్యోగి తప్ప మరో మనిషి ఉండకూడదు. తలుపు మూశాక లోపలి చప్పుడు నలభై డెసిబెల్స్ దాటకూడదు. ఖాళీ గది చప్పుడు అరగంటసేపు రికార్డు చేసి ఆదివారం సాయంత్రం ఆరులోగా పంపాలి. సోమవారం పది గంటలకు కెమెరా ముందు పరీక్ష జరుగుతుంది. ఆమోదం పొందని గదుల తాలూకు ఉద్యోగుల పేర్లు జాబితా నుంచి తీసేస్తాం.'

తీసేస్తారు. అందులో అనుమానం లేదు. నిరుడు ఇద్దర్ని తీసేశారు.

కోర్టుల్లో జనం చెప్పిన సాక్ష్యాలు రికార్డుల రూపంలో వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలికింద పెడలు నొక్కుతూ వింటూ, వాటిని అక్షరం పొల్లుపోకుండా టైపు చేయడం ఆమె పని. చెవిలో పడ్డది వేళ్ళలోకి పోవాలి తప్ప నోట్లోకి రాకూడదని పన్నెండేళ్ళ క్రితం చేరిన రోజునే సంతకం పెట్టించుకున్నారు. ఎదుటి మనిషి మింగిన మాట కూడా పట్టేస్తుందని ఆఫీసులో ఆమెకి పాముచెవి అని పేరు. ఇప్పుడు ఆఫీసు భవనం ఖాళీ చేసేస్తున్నారు. వచ్చే నెల నుంచి ఎవరి ఇల్లు వాళ్ళకి ఆఫీసు.

"బెంగపడకు. గదంటే నాలుగు గోడలే కదా, చూసుకుందాం," అన్నాడు భర్త.

అతను నీటి గొట్టాల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఊరి కింద పోయే గొట్టాలన్నీ అతని చేతిమీదుగానే కాగితం ఎక్కుతాయి. గురువారం సాయంత్రం భోజనాల బల్ల తుడిచి, గళ్ళ కాగితం పరిచాడు. అడుగుకి రెండు గళ్ళు. పాత చెప్పుల డబ్బా కత్తిరించి బల్ల, కుర్చీ, బీరువా, మంచం అన్నిటికీ అదే కొలతలో అట్టముక్కలు తయారుచేశాడు. ముక్కల్ని వేలితో జరుపుతూ నాలుక పంటికింద పెట్టుకున్నాడు. పని కుదురుతోందంటే అతనికి అదే గుర్తు.

"ఇదిగో, ఇది వెనక గది. వీధికి దూరం. అటు గోడ అవతల ఎవరూ ఉండరు. నీ బల్ల ఇక్కడ. కుర్చీ వెనక్కి జరుపుకోడానికి రెండడుగుల చోటు. దర్జాగా ఉంటుంది."

"మరి అత్తయ్య మంచం?"

"హాల్లోకి వస్తుంది. కిటికీ పక్కన." మంచం అట్టముక్కని చూపుడువేలితో గుమ్మం దాటించాడు. అది గళ్ళమీద జారుతూ వెళ్ళి కిటికీ పక్కన ఆగింది. "గాలి, వెలుతురు. నాలుగు మొహాలు కనబడతాయి. ఏమ్మా?"

అత్తగారు గోడవార కుర్చీలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కుట్టు అంచు వేళ్ళతో వెతికి పట్టుకుని, అంచుకి అంచు కలిపి, అరచేత్తో ఒక్క రుద్దు రుద్దుతుంది. ఇస్త్రీ అక్కర్లేదు.

"నాకెక్కడైతే ఏంట్రా. నాలుగు కోళ్ళ మంచం. ఎక్కడ వేసినా నాలుగు కోళ్ళే."

"చూశావా, అమ్మతో ఎప్పుడూ గొడవుండదు," అన్నాడతను.

ఆమె ఊపిరి పీల్చుకుంది. నిజం చెప్పాలంటే అత్తగారి గదిని టేపుతో కొలిచింది తనే. మధ్యాహ్నం ఆవిడ మంచంమీద ఉండగానే, "ఒక్క క్షణం కాళ్ళు పైకి పెట్టుకోండత్తయ్యా" అని మరీ కొలిచింది.

* * *

శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. భర్త డ్యూటీకి వెళ్తూ హాల్లో నేలమీద సుద్దతో నాలుగు గీతలు గీసి వెళ్ళాడు. మంచం కోళ్ళు సరిగ్గా అక్కడే రావాలట.

పదకొండింటికి, చప్పుడెంతో ముల్లుతో చూపించే ఆఫీసు రికార్డరుని వెనక గదిలో స్టూలు మీద పెట్టి మీట నొక్కింది.

"అత్తయ్యా, అరగంట ఈ గదిలోకి ఎవ్వరూ రాకూడదు. మీరు హాల్లో కూర్చోండి. నేనలా వెళ్ళి గడియ కొనుక్కొస్తాను."

"వెళ్ళిరా. కాపలా కాస్తాలే."

ఇనపసామాన్ల కొట్లో గడియలు పది రకాలున్నాయి. ఆమె తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అత్తగారు, తను కూర్చోబెట్టి వెళ్ళిన కుర్చీలోనే, అప్పుడెలా ఉందో అలాగే ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"ఎవరూ రాలేదు కదా?"

"ఎవరొస్తారే? కాకి కూడా రాలేదు."

భోజనాలయ్యాక ఆమె హెడ్‌ఫోన్స్ తగిలించుకుని రికార్డింగు వినడానికి కూర్చుంది. పంపేముందు సరి చూడడం అలవాటు. మొదటి మూడు నిమిషాలు మంచి నిశ్శబ్దం. గోడలో ఎక్కడో గొట్టంలో నీళ్ళు దిగాయి, అంతే. ముల్లు ముప్పై ఒకటి. ఆమెకి సంతోషమేసింది.

నాలుగో నిమిషంలో తలుపు కిర్రుమంది.

విసుగ్గా పెడలు వెనక్కి తొక్కింది. మళ్ళీ విన్నా తలుపే. వేళ్ళు వాటంతటవే కీబోర్డు మీదికి వెళ్ళాయి. పన్నెండేళ్ళ అలవాటు. వింటే టైపు చేయాల్సిందే.

04:12. తలుపు తెరిచిన చప్పుడు.
04:20. అడుగులు. చెప్పులు లేవు.
04:31. స్త్రీ గొంతు, మెల్లగా: ఒకటి, రెండు, మూడు, నాలుగు...

ఏం లెక్కపెడుతోంది ఈవిడ?

...ఎనిమిది, తొమ్మిది. గుమ్మం.

అడుగులు హాల్లోకి దూరమయ్యాయి. గొంతు సన్నబడింది. పాముచెవి కాబట్టి పట్టుకుంది. పద్నాలుగు, పదిహేను, పదహారు. ఠప్పున చప్పుడు. 'అబ్బ' అన్న మాట. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగులు గదిలోకి వెనక్కి వచ్చాయి. మంచం కోడు మీద చెయ్యి తట్టిన చప్పుడైంది.

ఒకటి, రెండు, మూడు...

మళ్ళీ అదే. మళ్ళీ పదహారు దగ్గర ఠప్పుమంది. మూడోసారి పదిహేను దగ్గర ఆగింది. నాలుగోసారి ఏదో తడుముతున్న చప్పుడు, గోడమీద గాజుల రాపిడి. అప్పుడు గొంతు మామూలుగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టే అంది:

"సుద్ద గీత గీశానన్నాడు మహానుభావుడు. ఎక్కడ గీశాడో ఏమో."

ఆమె ఆ వాక్యం కూడా టైపు చేసింది.

ఇరవై ఏడో నిమిషంలో చివరి మాట ఉంది. గుసగుస. మరొకళ్ళయితే 'అస్పష్టం' అని రాసి వదిలేసేవాళ్ళు. ఆమె మూడుసార్లు వెనక్కి తొక్కింది.

"అది వచ్చేలోగా ఇంకొక్కసారి."

వేళ్ళు ఆగిపోయాయి.

వినిపించిందే రాయాలి, అనుకున్నది రాయకూడదు. వాళ్ళ పనిలో మొదటి సూత్రం అదే. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి, వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుంది. హాల్లోకి వచ్చి అత్తగారి ముందు నిలబడింది. రోజూ గ్లాసు ఆవిడ కుడిచేతి వైపు చాచి ఇస్తుంది. ఇవాళ జానెడు ఎడమవైపు పట్టుకుంది.

"నీళ్ళత్తయ్యా."

అత్తగారు తలెత్తి నవ్వి, చెయ్యి చాపింది. ఆ చెయ్యి రోజూ గ్లాసుండే చోటికే వెళ్ళి, వేళ్ళు విచ్చుకుని ఖాళీ గాలిని పట్టుకుంది.

ఆమె చేతిలో గ్లాసు ఒరిగింది. నీళ్ళు ఒలికి అత్తగారి పాదం మీద పడ్డాయి.

"ఎన్నాళ్ళయింది?" అంది ఆమె.

"ఏది?"

"అత్తయ్యా."

ఆవిడ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో పాదం తుడుచుకుంది. తొందర పడలేదు.

"రెండేళ్ళు. ఒక కంటికి బొత్తిగా లేదు. రెండోదానికి వెలుగూ నీడా తెలుస్తాయి. ఎదురుగా మనిషి నిలబడితే మనిషని తెలుస్తుంది. పక్కవీధి నర్సమ్మ తోడొస్తే పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాలే. చుక్కలమందు ఇచ్చారు. మిగిలిందాన్ని నిలబెట్టుకోమన్నారు."

ఆవిడ కుట్టుసంచి అటకెక్కించినప్పుడు వేళ్ళు లాగుతున్నాయంది. టీవీ ముందునుంచి లేచిపోయి, అందరూ ఒకలాగే ఏడుస్తున్నారే అంది. అన్నీ నమ్మింది తను. పాముచెవి!

"మాకెందుకు చెప్పలేదు?"

"నా గదిలో నాకు కళ్ళెందుకే? తొమ్మిదడుగులకి గుమ్మం, ఆరుకి కిటికీ. హాలు కూడా నేర్చుకుంటా. రెండ్రోజులు పడుతుంది. నీ ఉద్యోగానికి నేనడ్డం రాను."

"ఆయనకి చెబుతాను."

అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. ఈసారి చెయ్యి గురి తప్పలేదు.

"వాడికి చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవు. మా అక్కకీ ఇలాగే పోయాయి. ఆ సంగతి ఇంట్లో తెలిసిన రోజునుంచి 'కూర్చో, నువ్వు కూర్చో' తప్ప ఇంకో మాట లేదు. అందరూ మంచివాళ్ళే. నీళ్ళు చేతికి, అన్నం నోటికి. పదకొండేళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి పూజ చేశారు. అది పోయింది కళ్ళు పోయి కాదే. కూర్చుని కూర్చుని పోయింది." ఆగి, మణికట్టు వదిలింది. "విన్నది బయట పెట్టకూడదని నీకు సంతకం ఉందిగా. ఇదీ అందులో వేసుకో."

* * *

శనివారం భర్తకి ఒంటిపూట డ్యూటీ. ఇంటికొచ్చేసరికి ఆమె గళ్ళ కాగితం ముందేసుకుని కూర్చుంది.

నిన్నటి నుంచి దాన్ని పదిసార్లు చూసింది. వెనక గది, హాలు, వంటిల్లు, స్నానాలగది. అన్నీ కొలత ప్రకారం ఉన్నాయి. హాలు దాటాక వీధివైపు రెండు గీతలు గీసి ఆపేశాడు. అవతల తెల్లకాగితం. ఆ తెల్లకాగితంలో ఉండాల్సింది వాళ్ళిద్దరి పడకగది. ఇంట్లోకెల్లా పెద్ద గది. అతను గీయలేదు. తనూ అడగలేదు. అడగాలని తోచనే లేదు. అదీ ఆమెని కాల్చేస్తున్నది.

"మన గది గీయలేదేం?" అంది.

"మన గదెందుకు?" నిజంగానే అర్థంకాక అడిగాడతను.

"ఆఫీసు అక్కడ పెడదాం. మన మంచం హాల్లో వేసుకుందాం."

అతను చొక్కా గుండీలు విప్పుతున్నవాడల్లా ఆగాడు. "నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా? అది వీధిగది. ఎదురుగా గేట్ల షాపు. పొద్దున లేస్తే ఇనుము కోత. నలభై కాదు, తొంభై కొడుతుంది ముల్లు. ప్లాను అయిపోయింది. ఇంకు కూడా వేశాను."

"ఇంకు వేస్తే ఏం?"

"ఇంకు వేస్తే అయిపోయినట్టు. అమ్మేమైనా అందా?"

"లేదు."

"మరి? వీధిలో వాళ్ళంటారనా, అత్తని తీసుకెళ్ళి హాల్లో పడేసిందని?"

"కాదు."

"ఒక్క కారణం చెప్పు. ఒక్కటి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు వింటోంది. ఆమె ఇన్నేళ్ళలో ఎవరెవరివో ఇంటి గుట్లు విని వేళ్ళతోనే వదిలేసింది. ఏదీ ఇంత బరువుగా నోట్లో కూర్చోలేదు.

"కారణం చెప్పలేను. ఆ గదిలో నేను పని చేయలేను. అంతే."

"ఉద్యోగం పోతే?"

"పోతే నాదే కదా."

"నీదేనట!" చొక్కా తీసి కుర్చీమీద విసిరాడు. "సరే. నీ ఉద్యోగం, నీ గది, నీ ఇష్టం. నేను మంచం మోస్తా. అంతవరకే. మళ్ళీ నన్నేం అడగొద్దు."

మంచం మోశాడు. కోపంలో ఉన్నాడేమో, ఒక్కడే సగం లేపాడు.

సాయంత్రం ఆమె రోడ్డు దాటి గేట్ల షాపుకి వెళ్ళింది. షాపాయన ముఖానికి నల్లద్దాలు పెట్టుకుని కడ్డీ కోస్తున్నాడు. నిప్పురవ్వలు ఆమె కాళ్ళ దగ్గరికొచ్చి ఆరిపోయాయి. సోమవారం పదింటికి ఒక్క పావుగంట మిషను ఆపమని అడిగింది.

"సోమవారం ఆపుతానమ్మా. మంగళవారం?"

ఆమె వెనక్కి తిరిగి తన కిటికీవైపు చూసింది.

"రోజూ కూర్చుని పని చేసేది మీరు. ఒక్కరోజు నేను నోరు మూసుకుంటే మీ గది మారుతుందా?" అద్దాలు కిందికి లాక్కున్నాడు. "నేను కోస్తూనే ఉంటా. నా చప్పుడు మీ గదిలోకి రాకుండా ఏం చేస్తారో చేసుకోండి. తలుపు రబ్బరు కావాలంటే లోపలుంది, తీసుకెళ్ళండి."

* * *

ఆదివారం పొద్దున్నే ఖాళీ పడకగదిలో పని మొదలైంది. కిటికీ రెక్కలకి రబ్బరు పట్టీ అతికించింది. దానిమీద రెండు బొంతలు మేకులు కొట్టి దింపింది. వీధి గోడకి బీరువా జరిపి, మిగిలిన చోట పాత పరుపు నిలబెట్టింది. తలుపు కింద సందుకి గోనెపట్టా చుట్ట చేసి కొట్టింది. గేట్ల షాపు ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. మిషను గుయ్‌మంటోంది. తలుపు మూసి ముల్లు చూసింది. యాభై నాలుగు.

మరో బొంత వేసింది. యాభై మూడు.

నేలమీద కూలబడింది. హాల్లో భర్త పేపరు గట్టిగా తిప్పుతున్నాడు. చెప్పానా అని నోటితో అనకుండా పేపరుతో అంటున్నాడు.

తలుపు తోసుకుని అత్తగారు లోపలికి వచ్చింది.

"జరుగు," అంది. "అలా ఊపిరి తీయకు. ఊపిరి చప్పుడు అడ్డమొస్తోంది."

గది మధ్యలో నిలబడి తల కొంచెం పక్కకి వంచింది. అక్కడే మెల్లగా ఒక చుట్టు తిరిగింది. మిషను ఆగి, మళ్ళీ అందుకుంది.

"కిటికీ కాదే. కిటికీ బాగానే మూశావు. ఇక్కణ్ణుంచి." నేరుగా నడిచి గోడమీద స్విచ్చుల బోర్డు మీద అరచెయ్యి పెట్టింది. "దీని వెనక చిల్లుంది. వీధిలోకి."

ఆమె బోర్డు నాలుగు మరలు విప్పి చూసింది. వైర్లు వచ్చే గొట్టం చుట్టూ అరచెయ్యి పట్టేంత సందు. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ ఎవరూ చూడలేదు. లప్పం కలిపి కూరింది.

నలభై ఏడు.

"ఇప్పుడు పైన. ఆ మూల. గాలి సన్నగా ఈల వేస్తోంది, వినబళ్ళేదూ?"

ఆమెకి వినబళ్ళేదు. స్టూలెక్కి చూస్తే, పైకప్పు గోడని కలిసేచోట పాత ఎగ్జాస్టు ఫ్యాను కన్నం. అట్ట అడ్డంపెట్టి సున్నం వేశారు. గుడ్డలు కుక్కి చెక్క కొట్టింది. నలభై రెండు.

మూడోది దొరకడానికి గంట పట్టింది. అత్తగారు మోకాళ్ళమీద కూర్చుని గోడ అడుగునా వేళ్ళతో జరుపుకుంటూ వచ్చింది. నీళ్ళ గొట్టం గోడలోకి దూరే చోట చెయ్యి ఆపింది. "ఇదిగో దొంగ."

ముప్పై ఎనిమిది.

అవతల మిషను ఇనుము కోస్తూనే ఉంది. లోపల దోమ మూలిగినట్టుంది. ఇద్దరూ మురికి చేతులతో నేలమీద కూర్చుని ముల్లునే చూశారు. చూసింది ఆమె. అత్తగారు విన్నది.

"నన్ను పాముచెవి అంటారత్తయ్యా ఆఫీసులో."

"పాపం, వాళ్ళకి పాములు తెలీవు," అంది అత్తగారు.

నాలుగింటికల్లా అరగంట రికార్డు పంపేసింది. భర్త స్నానానికి వెళ్ళినప్పుడు అత్తగారిని హాలంతా తిప్పింది. గుమ్మానికి తొమ్మిది, పద్నాలుగుకి పెద్దమంచం అంచు, ఎడమ గోడ పట్టుకుంటే ఇరవై ఒకటికి స్నానాలగది. మూడుసార్లు నడిచారు. నాలుగోసారి ఆవిడ ఆమె చెయ్యి వదిలేసి ఒక్కతే నడిచింది.

* * *

సోమవారం తొమ్మిది ముప్పావుకి ఆమె షరతుల కాగితం ఆఖరుసారి చదివింది. గుమ్మం బయట మూడడుగులు. టేపు పెట్టి చూస్తే రెండే ఉంది. మంచం కోడు అడ్డం.

"ఏమండీ, మంచం ఒక అడుగు అటు జరపండి. త్వరగా."

అతను సెలవు పెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. వచ్చి మంచం జరిపాడు. ఆమె టేపు చూసి, తల ఊపి, లోపలికెళ్ళి గడియ వేసింది. అత్తగారు అప్పుడు స్నానాలగదిలో ఉంది.

తెరమీద పరీక్షకుడు కళ్ళజోడు పెట్టుకున్న కుర్రవాడు. గది నాలుగు మూలలూ చూపించమన్నాడు. తలుపు తెరిపించి బయట మూడడుగులూ చూశాడు. ఒక్కొక్కటే గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు తలుపు వేసి కూర్చోండి. పది నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు. నేను ముల్లు చూస్తాను."

అవతల మిషను మొదలైంది. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ఆమె చేతులు బల్లమీద పరిచింది. రెండో నిమిషం. నాలుగో నిమిషం. పరీక్షకుడు ఆవలింత ఆపుకున్నాడు.

ఆరో నిమిషంలో తలుపవతల ధబ్బుమని ఒక చప్పుడు.

ముల్లు యాభై రెండుకి ఎగిరి కిందికొచ్చింది.

ఆ చప్పుడు తర్వాత ఏమీ లేదు. అదే ఆమెని భయపెట్టింది. మనిషి పడితే 'అబ్బ' అనాలి, 'అమ్మా' అనాలి. ఆ చప్పుడు వెనక ఒక గొంతు గట్టిగా నొక్కుకుపోయి ఉంది. అది ఎవరి గొంతో, ఎందుకు నొక్కుకుందో ఆమెకి తెలుసు. మంచం అడుగు జరిపించింది తను. ఒక్క మాట చెప్పాల్సింది తను.

కూర్చుంటే ఇంక నాలుగు నిమిషాలు.

ఆమె లేచి గడియ తీసింది.

అత్తగారు నేలమీద ఉంది. మోకాలి కింద చర్మం చెక్కుకుపోయి రక్తం జారుతోంది. ఒక చేతి పిడికిలి నోట్లో కుక్కుకుంది. రెండో చెయ్యి మంచం కోడుని పట్టుకుని, ఇది ఇక్కడికెలా వచ్చిందని తడుముతోంది. కోడు వెంట పైకి, పట్టె వెంట పక్కకి, మళ్ళీ కిందికి. కళ్ళు మాత్రం ఎటో గోడవైపు ఉన్నాయి.

భర్త రెండడుగుల దూరంలో నిలబడిపోయి ఆ చేతినే చూస్తున్నాడు. పట్టపగలు కిటికీ తెరిచి ఉంది. మంచం ఏనుగంత ఉంది. ఆ చెయ్యి దాన్ని వెతుక్కుంటోంది.

అత్తగారు తలుపు చప్పుడు విని పిడికిలి తీసింది. "లోపలికి పో," అంది ఊపిరితోనే. "పో, దిక్కుమాలినదానా. నాకేం కాలేదు."

ఆమె తెర ముందుకి వచ్చేసరికి పరీక్షకుడు కళ్ళజోడు సర్దుకుంటున్నాడు.

"మీరు లేచారు. సరే, ఆ చప్పుడు వీధిలోదా? బయట ఏదో మిషను ఉన్నట్టుంది. వీధిదైతే చూసీ చూడనట్టు పోతాను. చెప్పండి."

దారి ఎదురుగా తెరిచే ఉంది. అవతల మిషను నేరం ఒప్పుకోడానికి సిద్ధంగా కూస్తూనే ఉంది.

"వీధిది కాదు. ఇంట్లోదే," అంది. "మంచం తగిలి మా అత్తగారు పడ్డారు. ఆ మంచం అక్కడికి జరిపించింది నేనే."

పరీక్షకుడు కలం తీశాడు. "కారణం రాయడానికి నాకు గడి లేదండీ. యాభై రెండు అని రాయాలి. తప్పిందని రాయాలి." కాగితం తిరగేశాడు. "నిబంధన ప్రకారం ఇంకొక్క పరీక్ష ఉంటుంది. ఇవాళ నాలుగింటికి. అదీ తప్పితే నా చేతిలో ఏమీ లేదు."

* * *

హాల్లో భర్త కింద కూర్చుని తల్లి మోకాలికి కట్టు కడుతున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు తలెత్తకుండా.

"శుక్రవారం నుంచి."

"నాకు..."

"నేనే వద్దన్నా," అంది తల్లి. "దానిమీద అరవకు. దానికి నాలుగింటికి పరీక్ష."

"సుద్ద గీతలు గీశాను," అన్నాడతను. "సుద్ద గీతలు! గీసి, బాగున్నాయా అమ్మా అని అడిగాను. బాగున్నాయంది." కట్టు ముడి వేసి లేచాడు. కుర్చీ లాక్కొచ్చాడు. తల్లి రెండు భుజాలూ పట్టుకుని అందులో కూర్చోబెట్టాడు. "ఇక నువ్వు లేవకు. నీళ్ళు కావాలా, నన్ను పిలు. స్నానాలగదికా, నన్ను పిలు. నేను లేకపోతే ఇది ఉంటుంది. నువ్వు మాత్రం కదలకు. కూర్చో."

అత్తగారు కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండునని ఆమెకి అనిపించింది. రెండేళ్ళు కళ్ళు లేకుండా ఇల్లంతా తిరిగిన మనిషి, ఒక్క మాటతో ముసలిదైపోయింది.

"అలా చేయకండి," అంది భర్తతో.

"పడింది. చూశావుగా."

"పడింది ఆవిడవల్ల కాదు. మనవల్ల. మనం మంచం జరిపి చెప్పలేదు."

"మళ్ళీ పడితే?"

పడదని ఎవరు చెప్పగలరు? అక్క సంగతి చెప్పే హక్కు తనది కాదు. అత్తగారివైపు చూసింది. ఆవిడ గోడవైపు చూస్తూ ఉంది.

మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. నాలుగుకి అయిదు నిమిషాలుందనగా ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"పది నిమిషాలు," అంది.

"మేం కదలం," అన్నాడు భర్త. "నేను పక్కనే కూర్చుంటా. అమ్మ కుర్చీలోంచి లేవదు."

లోపల గడియ పడింది. అదే కుర్రవాడు, అదే కళ్ళజోడు. "మొదలుపెడుతున్నాను," అన్నాడు.

అవతల మిషను కోస్తోంది. ముప్పై ఎనిమిది. ఆమె కళ్ళు ముల్లుమీద, చెవులు తలుపు మీద. మూడో నిమిషంలో హాల్లో ఏదో కదిలిందనిపించింది. కుర్చీ కాళ్ళా? ముల్లు కదల్లేదు. అనుకున్నది రాయకూడదు. ఊపిరి బిగబట్టింది. ఆరు. ఏడు. మెడమీద చెమట దిగింది, తుడుచుకోలేదు. తొమ్మిది. ముప్పై ఏడు.

"పదయింది," అన్నాడు పరీక్షకుడు. గడిలో టిక్కు పెట్టాడు. "ఆమోదించాం. బుధవారం ఒకటో తారీఖు నుంచి ఫైళ్ళు వస్తాయి." తెర ఆపబోతూ ఆగాడు. "అత్తగారికి ఎలా ఉంది?"

"చూడాలి," అంది ఆమె. తలుపు తీసింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

భర్త పెద్దమంచం మీద గోడకి ఆనుకుని, దారికి అడ్డం రాకుండా రెండు కాళ్ళూ పైకి లాక్కుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు స్నానాలగది గుమ్మం దగ్గర్నుంచి వస్తోంది. కట్టు కట్టిన కాలు కొంచెం ఈడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి, మాట పైకి లేదు. జరిగిన మంచం అంచు దగ్గరికొచ్చి, తగలకముందే, ఎడమకి తిరిగింది. తన గది గుమ్మం దాకా వెళ్ళి ద్వారబంధం తాకి, వెనక్కి మళ్ళింది.

"అయిపోయింది," అంది ఆమె. "ఇచ్చారు."

ఆ మాటకి అతను చేతులు దించాడు. మొహం తడిసిపోయి ఉంది.

"లేచి నడిచింది," అన్నాడు. "నువ్వు అటు తలుపేశావు, ఇటు లేచింది. పట్టుకుందామంటే నేను లేవకూడదు. వద్దందామంటే నోరు విప్పకూడదు. నా ముందునించే, పదకొండుసార్లు... ఒక్కసారీ తగల్లేదు."

"వీడి నోరు మూయించడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనిపించింది," అంది అత్తగారు. మంచం పట్టె తడిమి చూసుకుని కొడుకు పక్కన కూర్చుంది. ఎగపోస్తోంది. "ముందుగా ఒక్క మాట చెప్పి జరుపుకోండి ఏదైనా. అంతకంటే నాకేం అక్కర్లేదు."

"అమ్మా," అన్నాడతను. "ఇంత దగ్గర ఉన్నాను కదా. నేను కనిపిస్తున్నానా?"

"ఆకారం తెలుస్తుంది."

"మొహం?"

"మొహం రెండేళ్ళ క్రితంది నా దగ్గరుంది. అదే వాడుకుంటున్నా."

అతను నవ్వబోయాడు. సగంలో అది వేరేలా మారింది. అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"దాన్నే ఉంచుకో. అప్పటికి జుట్టుంది."

"ఏం, పోయిందా? ఎంత పోయిందిరా?"

అతను తల్లి చేతికి అందేలా తల వంచాడు.